ముందు అభివృద్ధా, ముందు ప్రజాస్వామ్యమా? ఖజానా వైపు నుంచి ఒక సమాధానం

మీరు అడిగినది ఇది. వలస పాలన నుంచి బయటపడిన దేశాలు ముందు ఒక గట్టి పాలకుడి కింద ఆర్థికంగా నిలదొక్కుకుని, ఎన్నికలూ హక్కులూ తరువాత చూసుకుంటే మంచిది కాదా? దక్షిణ కొరియా, సింగపూర్ అలా చేసి బాగుపడ్డాయనీ, ఘనా లాంటివి అన్నీ ఒకేసారి కావాలని తొందరపడి చెడిపోయాయనీ రాశారు.

నా ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఖాతాల తనిఖీలోనే గడిచింది. అందులో కొన్నేళ్లు ఆఫ్రికా దేశాల పద్దుల మీద పనిచేశాను. ఆ వృత్తి మనిషిని కాస్త పాడుచేస్తుంది. ఎదుటివారు రాజ్యాంగం గురించి మాట్లాడుతుంటే నా మనసు ఖజానా మీదికి పోతుంది. ఈ సర్కారుకు సొమ్ము ఎవరి దగ్గర నుంచి వస్తోంది? ఇచ్చినవాడు లెక్క అడగాలంటే దారి ఉందా? "ముందు ఏది" అన్న ప్రశ్న కన్నా ఈ రెండు ప్రశ్నల వల్లే నాకు ఎక్కువ సంగతులు తెలిశాయి. మీ ఉదాహరణల్లోంచే ఘనాను తీసుకుని చూద్దాం. మీరు చెప్పిన కథ అక్కడ సరిగ్గా తలకిందులుగా జరిగింది.

1957 మార్చి 6న పశ్చిమ ఆఫ్రికాలోని బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్ స్వతంత్ర ఘనాగా మారింది. అప్పటికి కోకో పంటలో ప్రపంచంలో దానిదే మొదటి స్థానం. పండించేది తోటల కంపెనీలు కావు. అడవి కొట్టి, మొక్క నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన చిన్న రైతులు. ఖజానాలో దాదాపు 20 కోట్ల పౌండ్ల నిల్వలున్నాయి. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాల్లో అంత బలమైన ఆరంభం దొరికినవి తక్కువ.

ఆ నిల్వల పుట్టుక చూడాలి. 1937లో యూరోపియన్ కొనుగోలు కంపెనీలు కూడబలుక్కుని కోకో ధర తొక్కిపెట్టాయి. రైతులు నెలల తరబడి పంట అమ్మకుండా పట్టుబట్టి కూర్చున్నారు. తరువాత యుద్ధం వచ్చింది, కొనుగోలంతా ప్రభుత్వం చేతిలోకి పోయింది. యుద్ధం ముగిశాక వలస ప్రభుత్వం ఆ పెత్తనాన్ని వదులుకోలేదు. 1947లో కోకో మార్కెటింగ్ బోర్డు పెట్టి శాశ్వతం చేసింది. పైకి చెప్పిన కారణం బాగానే ఉంది: ధర పెరిగిన ఏడాది కొంత దాచి, పడిపోయిన ఏడాది రైతుకు ఇస్తామన్నారు. పెరిగిన ఏళ్లలో దాచడం జరిగింది. దాచిన సొమ్ము లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ పత్రాల రూపంలో కూర్చుంది. రైతుకు తిరిగి ఇవ్వడమన్న రెండో సగం దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తొందర లేకపోయింది.

దేశానికి ఒకే కొనుగోలుదారు, ధర చెప్పేది అతనే, ఎగుమతి ధరకూ రైతు ధరకూ మధ్య తేడా అతని సంచిలోకే. శాసనసభలో పన్ను బిల్లు పెట్టనక్కర్లేదు, ఇంటింటికీ వసూలుదారును పంపనక్కర్లేదు. ఇంత సులువైన వసూలు యంత్రాన్ని చేతికిచ్చి వెళ్లిపోతే, వచ్చినవాడు దాన్ని విరగ్గొడతాడని ఆశించడం అత్యాశే.

స్వతంత్ర ఘనా తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా విరగ్గొట్టలేదు. స్వాతంత్ర్యానికి మూడేళ్ల ముందే, బ్రిటిష్ గవర్నర్ కింద ప్రధానమంత్రిగా ఉండగా, 1954లో ఆయన ప్రభుత్వం రైతు ధరను 60 పౌండ్ల (దాదాపు 27 కిలోల) బరువుకు 72 షిల్లింగులుగా కట్టిపడేసింది. నాలుగేళ్ల వరకు అంతే. అప్పటికి అంతర్జాతీయ ధర దానికి రెట్టింపు దాటిపోయింది. తేడా సొమ్ముతో దేశాన్ని కడతామన్నారు. మరుసటి నెలలోనే కోకో ప్రాంతానికి గుండెకాయ లాంటి కుమాసీలో జాతీయ విమోచన ఉద్యమం పేరుతో ఒక ప్రతిపక్షం పుట్టింది. అందులో ఆ ప్రాంతపు అశాంతే రాజవంశం మీద అభిమానం ఉంది, ప్రాంతీయ గర్వం ఉంది, సమాఖ్య కావాలన్న కోరిక ఉంది. కానీ దానికి నిప్పు పెట్టింది మాత్రం ఆ 72 షిల్లింగులు.

మీ వరుసక్రమం అసలు సంగతిని దాచేసేది ఇక్కడే. రైతు ధర ఆర్థిక విషయం. ఆ ధర మీద రైతులు పార్టీ పెట్టడం రాజకీయ విషయం. ధరను మార్చకుండా పార్టీని ఆపాలంటే ఏం చేయాలి? 1957 చివర్లో ప్రాంతం, తెగ, మతం ప్రాతిపదికగా పార్టీలు ఉండకూడదన్న చట్టం వచ్చింది. 1958లో విచారణ లేకుండా అయిదేళ్లు నిర్బంధించే చట్టం వచ్చింది. 1961లో ప్రభుత్వ అనుబంధ రైతు సంఘమే ఏకైక కొనుగోలుదారు అయింది. అదే ఏడాది నిర్బంధ పొదుపు పేరుతో జీతాల్లోంచి కోత పెడితే సెకొండి-టకొరాడి రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు, నాయకులు జైలుకు పోయారు. 1964లో ఏకపార్టీ రాజ్యం కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 99 శాతానికి పైగా సరేనన్నట్టు లెక్క తేలింది. స్వాతంత్ర్య పోరాటంలో పెద్దతలకాయ అయిన జె.బి. డాంక్వా 1965లో నిర్బంధంలోనే చనిపోయాడు. కాబట్టి ఘనా తొందరపడి ఎన్నికలు పెట్టుకుని చెడిపోలేదు. ఉన్న ఎన్నికల తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ పోయింది, అదీ అభివృద్ధి పేరు మీదే. మీరు సూచిస్తున్న మార్గం అదే కదా.

ఎన్‌క్రుమాను దొంగగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. బడులు విస్తరించాయి, తెమా రేవు వచ్చింది, వోల్టా నది మీద అకొసొంబో ఆనకట్ట 1965లో పూర్తయింది. దేశానికి ఇప్పటికీ దాని కరెంటు అందుతోంది. ఆయన తొలి ఆర్థిక సలహాదారు ఆర్థర్ లూయిస్, సెయింట్ లూసియా ద్వీపానికి చెందినవాడు, తరువాత నోబెల్ పొందినవాడు. ప్రతిష్ఠ కోసం కట్టే వాటి మీద డబ్బు తగలేయవద్దని చెప్పీ చెప్పీ ఏడాదిన్నర తిరగకుండానే 1958లో వెళ్లిపోయాడు. మీ సలహా ఆర్థికంగా సరైనదే కావచ్చు, నేను రాజకీయ నాయకుణ్ణి, భవిష్యత్తు మీద పందెం కాయక తప్పదని ఎన్‌క్రుమా ఆయనకు రాశాడు. నిజాయతీగా రాసిన ఉత్తరమే అది. చిక్కల్లా పందెం కాసిన సొమ్ము రైతుది కావడం, కాయాలా వద్దా అని రైతును అడిగే వేదికలన్నీ అప్పటికే మూతపడుతుండటం.

1965లో కోకో ధర కుప్పకూలింది. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం అధికారం తీసుకుంది.

సైనికులు వచ్చారు, పౌర ప్రభుత్వం వచ్చింది, మళ్లీ సైనికులు వచ్చారు. ఎన్‌క్రుమా విగ్రహాన్ని పడగొట్టినవాళ్లు కోకో బోర్డు జోలికి మాత్రం పోలేదు. 1960ల మధ్యలో అయిదున్నర లక్షల టన్నులు దాటిన పంట 1983-84 నాటికి దాదాపు 1,60,000 టన్నులకు దిగింది. చెట్లు ముసలివైనా కొత్తవి నాటినవాడు లేడు. సరిహద్దు దగ్గరున్నవాళ్లు రాత్రిపూట గింజలను ఐవరీ కోస్ట్‌కూ టోగోకూ దాటించారు. పంట తగ్గుతుంటే బోర్డు మాత్రం పెరిగింది: 1980ల తొలినాళ్లకు దాని జీతాల జాబితాలో లక్షకు పైగా పేర్లు, వాటిలో కొన్ని అసలు లేని మనుషులవి. తనిఖీ చేసేవాడికి ఇలాంటి జాబితా చూస్తే కలిగే భావాన్ని ఇక్కడ రాయను.

మరి ధర పెంచితే పంట పెరుగుతుందని ఏ పాలకుడికీ తెలియదా? తెలుసు. కానీ ధర పెంచితే శత్రువు తోటలో పండిన గింజకూ అదే ధర ఇవ్వాలి. ఎరువుల రాయితీ, ట్రాక్టరు, అప్పు, బోర్డులో ఉద్యోగం అలా కావు. వీటిని మనవాళ్లకు ఇచ్చి, కానివాళ్లకు ఆపవచ్చు. పైగా రైతులు అడవుల్లో చెల్లాచెదురుగా ఉంటారు, రాజధానిలో రొట్టె ధర పెరిగితే వీధుల్లోకి వచ్చేవాళ్లూ సైనిక బ్యారక్‌ల్లోంచి తుపాకులతో వచ్చేవాళ్లూ వేరు. ఓటు లేని చోట పాలకుడు ఎవరికి భయపడాలో వాళ్లకే భయపడతాడు. ఆర్థికశాస్త్రం తెలియక జరిగిన పొరపాటుగా దీన్ని పరిగణించి, నిపుణులను పంపి పాఠాలు చెప్పించిన సంస్థలకు ఈ సంగతి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు బోట్స్వానా. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ 12 కిలోమీటర్ల తారు రోడ్డు, విశ్వవిద్యాలయ పట్టా ఉన్నవాళ్లు 22 మంది. బ్రిటిష్‌వాళ్లు ఆ దేశాన్ని ఎంత చిన్నచూపు చూశారంటే, దాని పాలనా కేంద్రం ఆ దేశంలోనే ఉండేది కాదు. సరిహద్దు అవతల దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ నుంచి నడిపేవారు. స్వాతంత్ర్యం తరువాత కొన్నేళ్ల వరకు బడ్జెట్ లోటు పూడ్చింది కూడా లండనే. ఘనా పక్కన నిలబెడితే జాలిపడాల్సిన ఆరంభం.

బోట్స్వానా గురించి రాసేవాళ్లు వెంటనే వజ్రాల దగ్గరికి పోతారు. నేను పశువుల దగ్గర ఆగుతాను. ఘనా కోకో బోర్డు లాంటిదే అక్కడా ఒకటుంది: బోట్స్వానా మాంస కమిషన్, గొడ్డుమాంసం ఎగుమతికి ఏకైక ద్వారం. అదే గుత్తాధిపత్యం, రైతుకూ ప్రపంచ మార్కెట్టుకూ మధ్య అదే గుమ్మం. అయినా అది పశువుల యజమానులను పిండలేదు, మంచి ధరే ఇస్తూ వచ్చింది. కారణం పాలకుల గొప్ప మనసు అనుకోనక్కర్లేదు. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా, ఆయన ఉపాధ్యక్షుడు క్వెట్ మసీరె, మంత్రుల్లో ఎక్కువమంది స్వయంగా పశువుల మందలున్నవాళ్లు. ధర తగ్గిస్తే ముందు తగిలేది వాళ్ల జేబుకే. పనిముట్టు ఒకటే, పట్టుకున్న చేయి ఏ వైపు నిలబడిందన్నదే తేడా. ఘనాలో బోర్డును నడిపినవాళ్లలో కోకో పండించినవాళ్లు తక్కువ.

వజ్రాల విషయంలో మాత్రం ఖామాకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. భూగర్భ సంపద మీద హక్కు అంతవరకు తెగలది. 1967లో చట్టం చేసి దాన్ని మొత్తం దేశానికి మార్చారు. అదే ఏడాది ఒరాపాలో వజ్రాల గని దొరికింది. ఒరాపా ఉన్నది బంగ్వాటో తెగ నేలలో, అంటే ఖామా వంశపారంపర్యంగా పెద్దరికం చేయాల్సిన తెగ నేలలో. ఒక ఆంగ్ల యువతిని పెళ్లాడినందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఏళ్ల తరబడి దేశానికి దూరంగా ఉంచింది. తిరిగి రావడానికి ఆ పెద్దరికాన్ని వదులుకున్నాడు. తన తెగకు దక్కగలిగిన సంపదను దేశం పేరిట రాయించాడు. ఇలా చేయని దేశాలు ఏమయ్యాయో చూడటానికి కటాంగా చాలు. రాగి గనులున్న ఆ ప్రాంతం, 1960లో కాంగోకు స్వాతంత్ర్యం వచ్చి రెండు వారాలు కాకముందే విడిపోతున్నట్టు ప్రకటించుకుంది.

గనిలో మొదట ప్రభుత్వ వాటా 15 శాతం. 1975 నాటికి బేరమాడి సగానికి తెచ్చారు. తొందరపడి జాతీయం చేసి, నడపలేక చేతులెత్తేయలేదు. నేర్చుకుంటూ, లెక్కలు చూస్తూ వాటా పెంచుకున్నారు. ఈ నెమ్మదితనం నాకు ఇష్టం. జాంబియా 1969లో రాగి గనుల్లో 51 శాతం తీసుకుంటామని ప్రకటించినప్పుడు చప్పట్లు ఎక్కువ మోగాయి. 1970ల మధ్యలో రాగి ధర పడిపోయేసరికి చప్పట్లూ లేవు, డబ్బూ లేదు.

బోట్స్వానాను స్వర్గంగా చూపించేవాళ్లతో నాకు పేచీ ఉంది. ధనికుడికీ పేదవాడికీ మధ్య దూరం ప్రపంచంలో అతి ఎక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. ఆదివాసులైన సాన్ ప్రజలను మధ్య కలహారి అభయారణ్యం నుంచి తరలించిన తీరు తప్పని 2006లో ఆ దేశపు హైకోర్టే చెప్పింది. ఒకే పార్టీ 58 ఏళ్లు ఏలింది. అయితే 2024లో వజ్రాల గిరాకీ పడిపోయి జీతాలకే ఇబ్బంది వచ్చినప్పుడు ఓటర్లు ఆ పార్టీని నాలుగు స్థానాలకు కుదించారు, అధ్యక్షుడు పూర్తి ఫలితాలు రాకముందే ఓటమి ఒప్పుకున్నాడు. ఎన్నికలు క్రమం తప్పకుండా జరిగిన దేశంలో ఆ యంత్రం యాభై ఎనిమిదేళ్ల తరువాత కూడా తుప్పు పట్టకుండా పనిచేసింది.

మీరు ఎంతో ఇష్టంగా ఉదహరించిన కొరియాకు వస్తాను. పార్క్ చుంగ్-హీ 1961 మే 16న తిరుగుబాటుతో వచ్చాడు, 1979లో హత్యకు గురయ్యేదాకా ఏలాడు, ఆ కాలంలో దేశం ఎదిగింది. ఇవన్నీ నిజాలే. కానీ 1948 నుంచి 1960 వరకు సింగ్‌మన్ రీ కూడా నియంతలాగే ఏలాడు. ఆయన కింద దేశం అమెరికా సాయం మీద కాలక్షేపం చేసింది. మనుషులు వాళ్లే, దేశం అదే, నియంతృత్వమూ ఉంది. ఎదుగుదల ఎందుకు లేదు? రెండు కాలాల్లోనూ ఉన్నదాన్ని ఒక కాలంలోనే వచ్చిన ఫలితానికి కారణంగా చూపలేం కదా.

తేడా తెచ్చినవాటిలో నాకు రెండు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి, 1950 నాటి భూసంస్కరణ. మూడు హెక్టార్ల పరిమితి పెట్టి, అంతకు మించినది కౌలుదార్లకు పంచారు. అది జరిగింది పార్క్ రాకకు ముందే, ఎన్నికైన శాసనసభ చేసిన చట్టంతో. ఉత్తరాన కమ్యూనిస్టులు భూమి పంచేశారు కాబట్టి దక్షిణానా పంచక తప్పని భయమూ పనిచేసింది. దాంతో ప్రభుత్వం చేయి పట్టుకుని ఆపగల భూస్వాముల వర్గమే మిగల్లేదు. భారతదేశంలో జమీందారీలను రద్దు చేశాక కూడా భూపరిమితి చట్టాలు ఊళ్లోకి వచ్చేసరికి బంధువుల పేర్ల మీద బదిలీలతో ఎలా నీరుగారాయో పోల్చి చూస్తే ఆ మొదటి అడుగు విలువ తెలుస్తుంది. రెండోది, అమ్ముకోవడానికి కొరియా నేలలో కోకో లేదు, వజ్రం లేదు. డాలర్లు రావాలంటే పరాయి దేశపు కొనుగోలుదారు మెచ్చే వస్తువు చేయాల్సిందే. పార్క్ బ్యాంకులను తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుని చవక అప్పులను కావలసినవాళ్లకు ఇచ్చాడు, అందులో అవినీతీ ఉంది. కానీ ఆ అప్పుకు కొలబద్ద ఎగుమతి. ఓడ ఎక్కని సరుకును కాగితం మీద ఎక్కించలేరు. ఒక రకంగా చూస్తే ఓటరు అడగాల్సిన లెక్కను న్యూయార్క్ టోకు వ్యాపారి అడిగాడు.

అది శాశ్వతంగా సరిపోలేదు కూడా. 1980 మేలో గ్వాంగ్జు నగరంలో సైన్యం సొంత ప్రజలను కాల్చింది. 1987 జూన్‌లో వీధులు నిండాక ప్రత్యక్ష ఎన్నికలు వచ్చాయి. నియంత ప్రజాస్వామ్యాన్ని మెల్లగా పెంచి చేతికందించాడని చెప్పేవాళ్లు ఈ రెండు తేదీల మధ్య జైళ్లలో ఉన్నవాళ్లను మరచిపోతున్నారు. సింగపూర్ సంగతి వేరు. నగరమే దేశం, రేవే పొలం. దాన్ని కోట్ల మంది రైతులున్న దేశానికి నమూనాగా చూపడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే అనిపిస్తుంది.

ఇక గట్టి పాలకుల జాబితా తీస్తే పార్క్ పక్కన మొబుటు కూడా నిలబడాలి. 1965 నుంచి 1997 వరకు కాంగోలో ఆయన కన్నా గట్టివాడు లేడు. 1973 నవంబరులో విదేశీయుల దుకాణాలు, తోటలు, చిన్న వ్యాపారాలు స్వాధీనం చేసుకుని తనవాళ్లకు పంచాడు. చాలామంది సరుకు అమ్ముకుని, డబ్బు జేబులో వేసుకుని, ఖాళీ అరలతో తలుపులు మూశారు. తిరిగి సరుకు తెప్పించాలన్న ఆలోచనే వాళ్లకు లేదు, ఎందుకంటే రేపు ఆ దుకాణం తమ దగ్గర ఉంటుందన్న నమ్మకం లేదు. పెట్టుబడికి గట్టి పాలకుడు భరోసా అన్న వాదన ఈ ఖాళీ అరల ముందు నిలవదు.

నా వాదనకు ఎదురు తిరిగే ఉదాహరణ కూడా ఒకటుంది, దాన్ని దాచను. ఘనాలో రైతు ధరను చివరికి సరిచేసింది సైనిక పాలకుడే. జెర్రీ రాలింగ్స్ 1981 డిసెంబరు 31న రెండోసారి అధికారం పట్టాడు, విప్లవ నినాదాలతో. 1983లో కరువు వచ్చింది, కార్చిచ్చులు తోటలను తినేశాయి, నైజీరియా వెళ్లగొట్టిన లక్షల మంది ఘనావాసులు ఒక్కసారిగా తిరిగొచ్చారు. తిండి లేక జనం మెడ కింద ఎముకలు పైకి తేలాయి. ఆ ఎముకలకు జనం పెట్టిన పేరు "రాలింగ్స్ గొలుసు". బజారులో అమ్మడానికి ఏమీ మిగలని ఆ ఏడాది, విప్లవకారుడు అంతర్జాతీయ ద్రవ్యనిధి తలుపు తట్టాడు. ఘనా కరెన్సీ సెడీ విలువ దారుణంగా తగ్గించారు, కోకో ధర విడతలుగా పెంచారు, బోర్డులో వేలమందిని తీసేశారు. దొంగరవాణా తగ్గింది, పంట మళ్లీ లేచింది.

అయితే ఓటు లేకుండానే సంస్కరణ జరిగింది కదా అంటే, జరిగింది. ఎంత ఆలస్యంగా జరిగిందో కూడా చూడండి. పాత వ్యవస్థ మీద బతికినవాళ్లకు తినడానికి కూడా అందులో ఏమీ మిగలనప్పుడు. ఓటున్న రైతు ఆ సంగతిని పదిహేనేళ్ల ముందే చెప్పి ఉండేవాడని నా నమ్మకం, రుజువు చూపలేను. ఆ తరువాతి కథ మాత్రం చూపగలను. 1992లో కొత్త రాజ్యాంగం, అధ్యక్షుడికి రెండు పదవీకాలాల హద్దు, 2001 జనవరిలో రాలింగ్స్ స్వయంగా ప్రతిపక్షానికి పగ్గాలు అప్పగించడం. ఆ తరువాత అధికారం చేతులు మారడం అక్కడ మామూలైపోయింది.

బయటి నుంచి తోసిన సంస్కరణల మీద నా అభిప్రాయం మిశ్రమం. 1980ల్లో అప్పిచ్చిన సంస్థలు ధరలూ కరెన్సీ సరిచేయమన్నాయి, దాంతో పాటు బడిలో, ఆసుపత్రిలో రుసుము వసూలు చేయమన్నాయి. మొదటిది అవసరం, రెండోది క్రూరం. 1990 తరువాత బహుళ పార్టీ ఎన్నికలు సాయానికి షరతయ్యాయి. బెనిన్‌లో, జాంబియాలో 1991లో పాత అధ్యక్షులు ఓడి, గద్దె దిగారు. మరికొన్ని చోట్ల పాలకులు ఎన్నికలను కూడా కోకో బోర్డులాగే నడపడం నేర్చుకున్నారు.

ఎన్నికల కన్నా చిన్నదిగా కనిపించే ఒక పని గురించి చెబుతాను, ఎందుకంటే నా వృత్తిలో నేను చూసిన అతి విలువైన సంస్కరణ అదే. ఉగాండాలో 1990ల మధ్యలో ప్రాథమిక బడులకు తలసరి గ్రాంటు ఎంత చేరుతోందో సర్వే చేశారు. కేంద్రం విడుదల చేసిన లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. బడుల దగ్గరికి వెళ్లి అడిగితే 1991-95 మధ్య సగటున 13 శాతమే చేరింది. చాలా బడులకు పైసా రాలేదు. ప్రభుత్వం అప్పుడు ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో అచ్చు వేయడం మొదలుపెట్టింది, బడి గోడ మీద అంటించమంది. కొన్నేళ్లకు చేరే వాటా 80 శాతం దాటింది. ఆ మార్పు ఘనతంతా పత్రికా ప్రకటనలదే అనను. ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, గ్రాంటు పద్ధతులూ మారాయి. కానీ కాగితం గోడ మీదికి వచ్చిన రోజున ఏం జరుగుతుందో నాకు తెలుసు.

మరో దేశంలో, ఒక తనిఖీలో, ఒక పల్లె బడికి వెళ్లాను. ఆ బడి పేరిట మూడేళ్లుగా డబ్బు విడుదలవుతున్నట్టు జిల్లా ఖాతాలో ఉంది. ప్రధానోపాధ్యాయుడికి ఆ పథకం పేరే తెలియదు. రసీదు నకలు చేతికిస్తే రెండుసార్లు చదివాడు. కింద ఆయన పేరు ఉంది, సంతకం ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, "సంతకం నాకంటే బాగా చేశాడే" అన్నాడు. ఆ తరువాత అడిగిన మాట ఇంకా గుర్తుంది: ఈ కాగితం ఒక ప్రతి నా దగ్గర ఉంచుకోవచ్చా? నిబంధనల ప్రకారం ఇవ్వకూడదు.

కాబట్టి ఒక దేశాన్ని అంచనా వేయాలంటే అధ్యక్షుడు గట్టివాడా మెత్తనివాడా అని అడగడం మానేయండి. బడ్జెట్ పుస్తకం తెరచి ఆదాయం పేజీ చూడండి. సొమ్ములో ఎక్కువ భాగం ఒక గని నుంచో, ఒక రేవు నుంచో, ఒక దాత నుంచో వస్తుంటే పాలకుడి చెవి ఆ వైపే ఉంటుంది. లక్షల మంది కట్టే పన్నుల నుంచి వస్తుంటే వాళ్లతో బేరమాడక తప్పదు. మారిషస్‌కు 1968లో చక్కెర తప్ప మరేమీ లేదు. ఆ చక్కెర తోటల యజమానులు ఫ్రెంచి సంతతివాళ్లు, ఓటర్లలో ఎక్కువమంది భారత్ నుంచి వెళ్లిన కూలీల సంతానం. తోటలు లాక్కోవడం ఎంతో సులువైన రాజకీయం. వాళ్లు లాక్కోకుండా చక్కెర ఎగుమతి మీద సుంకం వేశారు, 1970లో ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక మండలం తెరిచారు. 1982 ఎన్నికల్లో ప్రతిపక్షం ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలన్నీ గెలిస్తే అధికారం ప్రశాంతంగా చేతులు మారింది. ముందు ఏది, తరువాత ఏది అని అక్కడివాళ్లు వరుస కట్టి కూర్చోలేదు. రెండూ ఒకదానితో ఒకటి కుస్తీ పడుతూనే నడిచాయి.

ఘనాలో కోకో బోర్డు ఇప్పటికీ ఉంది, పేరు కొంచెం మారింది. ధర ఇప్పటికీ ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 చివరికి దేశం అప్పులు కట్టలేనని ఆపేసింది. ఎన్నికలు సక్రమంగా జరిగినంత మాత్రాన ఎన్నికల ఏటి ఖర్చు అదుపులో ఉండదు. 2024 తొలి నెలల్లో కోకో అంతర్జాతీయ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటినప్పుడు, పంటను ముందే తక్కువ ధరకు అమ్మేసుకున్న బోర్డు ఆ పెరుగుదలను రైతుకు అందించలేకపోయింది. గింజలు మళ్లీ టోగో సరిహద్దు దాటాయి. ఏప్రిల్‌లో, పంట కాలం మధ్యలోనే, ప్రభుత్వం రైతు ధరను 58 శాతం పెంచింది. డిసెంబరులో ఎన్నికలున్నాయి. పెంచినా ఆ ప్రభుత్వం ఓడిపోయింది.